పదిహేడో బిడ్డ రాసుకున్న లెక్క

బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ, తండ్రికి పుట్టిన కొడుకుల్లో తానే చివరివాడిననీ, తన తర్వాత ఇద్దరు పిల్లలు మాత్రమే పుట్టారనీ రాశాడు. ఆ ఇద్దరి పేర్లు మాత్రం రాయలేదు. ఒకరు లిడియా, మరొకరు జేన్. 17 మంది సంతానంలో జేన్ కడగొట్టు బిడ్డ. ఫ్రాంక్లిన్ జీవితకాలంలో మరే వ్యక్తికీ రాయనన్ని ఉత్తరాలు ఈ చెల్లెలికి రాశాడు. అయినా ఆయన ప్రపంచానికి చెప్పుకున్న కథలో ఆమె ‘ఆ ఇద్దరి’లో ఒక అంకెగా మిగిలిపోయింది.

అమెరికా వలసల కాలంలో ఒక సామాన్య స్త్రీ కుటుంబ చరిత్రను తిరగరాయాలంటే ఇలాంటి అంకెల దగ్గరే మొదలుపెట్టాలి. పొలం పత్రాలు, పన్నుల జాబితాలు, ఓటర్ల పట్టీలు, కోర్టు దావాలు, అన్నీ మగవాళ్ల పేర్ల మీదే ఉంటాయి. ఆడవారి పేరు బాప్తిస్మం నాడు ఒకసారి, పెళ్లినాడు ఒకసారి, చనిపోయిననాడు ఒకసారి రిజిస్టరుకెక్కుతుంది. ఈ మూడు తేదీల మధ్య గడిచిన బతుకు ఎక్కడా ఉండదు. జేన్ ఫ్రాంక్లిన్ మీకమ్ విషయంలో ఆ మధ్యకాలం కొంతైనా దొరుకుతున్నదంటే అందుకు రెండు కారణాలున్నాయి: ఆమెకు రాయడం వచ్చు, ఆమె అన్న ప్రసిద్ధుడు. ఈ రెంటిలో చరిత్రకారులు రెండోదానికి ఎక్కువ విలువ ఇచ్చారు. మొదటిదానికే ఎక్కువ ఇవ్వాలి. అన్న దగ్గర దాచిన ఉత్తరాలతో సంబంధం లేకుండా, ఆమె తన చేత్తో కుట్టుకున్న పదహారు పేజీల చిన్న పుస్తకం ఒకటి ఉంది. ఆ పుస్తకం చూపే కుటుంబం వేరు, అన్న గీసుకున్న వంశవృక్షం చూపే కుటుంబం వేరు.

ముందు ఆ వంశవృక్షం సంగతి చూడాలి. ఫ్రాంక్లిన్‌ల సొంత ఊరు ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్ జిల్లాలోని ఎక్టన్. అక్కడ వాళ్లకు 30 ఎకరాల సొంత భూమి, తరతరాలుగా పెద్దకొడుక్కి సంక్రమించే కమ్మరి కొలిమి ఉండేవి. జేన్ తండ్రి జొసాయా అద్దకం పని నేర్చుకుని, 1683లో భార్య ఆన్ చైల్డ్‌తో, ముగ్గురు పిల్లలతో బోస్టన్‌కు ఓడెక్కాడు. బోస్టన్‌లో అద్దకానికి గిరాకీ లేకపోవడంతో పశువుల కొవ్వు కరిగించి కొవ్వొత్తులు, సబ్బులు చేసే వృత్తిలోకి దిగాడు. 1758లో బెంజమిన్ లండన్ నుంచి కొడుకు విలియంను వెంటబెట్టుకుని ఎక్టన్‌కు వెళ్లి, చర్చి రిజిస్టరు తెరిపించి, 1555 నుంచి ఉన్న నమోదులను పరిశీలించాడు. ఐదు తరాలుగా చిన్నకొడుక్కి పుట్టిన చిన్నకొడుకును తానే అని అందులో తేలినందుకు మురిసిపోయాడు. ఆ వృక్షంలో కొమ్మలన్నీ ఇంటిపేరును పట్టుకునే సాగుతాయి. ఆ ఇంట్లోకి వచ్చిన కోడళ్లు, బయటికి వెళ్లిన ఆడపడుచులు పక్కన ఆకుల్లా కనిపిస్తారు. ఒక చిత్రం ఏమిటంటే, అదే ప్రయాణంలో ఆయన దగ్గరలోని వెల్లింగ్‌బరోలో ఎనభై దాటిన దగ్గరి బంధువు మేరీ ఫిషర్ అనే వృద్ధురాలిని కలిశాడు. జొసాయా అమెరికాకు తరలివెళ్లిన సంగతి ఆమెకు ఇంకా జ్ఞాపకం ఉంది. రిజిస్టరులో లేనిది ఆమె నోట దొరికింది.

జొసాయా మొదటి కాపురం ముగిసిన తీరు ఆ కాలపు గృహస్థ జీవితానికి మచ్చుతునక. ఆన్ చైల్డ్‌కు ఏడుగురు పిల్లలు. చివరి ఇద్దరికీ జోసెఫ్ అనే పేరే పెట్టారు. మొదటి జోసెఫ్ పురిట్లోనే పోయాడు కాబట్టి ఆ పేరే తర్వాతివాడికి వచ్చింది. రెండోవాడూ దక్కలేదు. ఆ కాన్పు తర్వాత కొద్ది రోజులకే, 1689 జూలైలో ఆన్ కన్నుమూసింది. అదే ఏడాది నవంబరులో జొసాయా మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఐదు నెలలు తిరగకుండానే పెళ్లా అని ఇప్పటివాళ్లు ముక్కున వేలేసుకోవచ్చు. కానీ ఇంట్లో చిన్నపిల్లలు, కింద కొవ్వు మరిగే కళాయిలు, దుకాణంలో కొనేవాళ్లు ఉన్న మనిషికి భార్య లేకపోతే ఇల్లూ నడవదు, వృత్తీ నడవదు. ఆ రెండో భార్య అబయా ఫోల్గర్‌కు పదిమంది పుట్టారు. అందులో ఎబెనెజర్ అనే పిల్లవాడు పదహారు నెలల వయసులో, 1703లో, సబ్బునీళ్ల తొట్టిలో పడి చనిపోయాడు. జేన్ పుట్టింది ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1712 మార్చి 27న.

తల్లి వైపు సంగతిని బెంజమిన్ ఒక పేరాలో ముగించాడు. అబయా తండ్రి పీటర్ ఫోల్గర్ నాంటకెట్ దీవిలో తొలితరం వలసవాడు. భూములు కొలిచేవాడు, పిల్లలకు చదువు చెప్పేవాడు, స్థానిక ఆదివాసుల భాష నేర్చుకుని ఇరుపక్షాలకూ దుబాసీగా ఉండేవాడు. మత సహనం కోరుతూ పద్యాలు కూడా రాశాడు. మనవడు ఆత్మకథలో ఆ పద్యాలను తలచుకున్నాడు. అమ్మమ్మ మేరీ మోరిల్ సంగతి మాత్రం కుటుంబ చరిత్రలకే మిగిలింది. ఆమె హ్యూ పీటర్ అనే మతబోధకుడి ఇంట్లో ఒప్పంద సేవకురాలు, అంటే ఓడ ఛార్జీ కింద కొన్నేళ్లు చాకిరీ చేసి రుణం తీర్చుకోవలసిన మనిషి. పీటర్ ఫోల్గర్ 20 పౌండ్లు చెల్లించి ఆ ఒప్పందం నుంచి ఆమెను విడిపించి పెళ్లాడాడని నాంటకెట్ కుటుంబ చరిత్రలు చెబుతాయి. జేన్‌కు తండ్రి తరఫున ఐదు తరాల కమ్మర్లు దొరుకుతారు. తల్లి తరఫున రెండో మెట్టు దగ్గరే ఒక ధర కట్టిన స్త్రీ ఎదురై, అక్కడితో దారి ఆగిపోతుంది.

జేన్ పెరిగిన ఇల్లు బోస్టన్‌లో హానోవర్, యూనియన్ వీధుల కూడలిలో ఉండేది. దుకాణానికి గుర్తుగా గుమ్మం పైన నీలిరంగు బంతి వేలాడేది. మసాచుసెట్స్‌లో అక్షరాస్యత ఎక్కువే, కానీ చదవడం వేరు, రాయడం వేరు. బైబిలు చదువుకోవాలి కనుక ఆడపిల్లలకూ అక్షరాలు నేర్పేవారు. రాయడం మాత్రం వ్యాపారానికి, ఉద్యోగానికి పనికొచ్చే విద్య కనుక అది మగపిల్లల పాలు. బోస్టన్ ప్రభుత్వ బడులు ఆడపిల్లలకు తలుపు తెరిచింది 1789లో. అప్పటికి జేన్‌కు 77 ఏళ్లు. బెంజమిన్‌కు కూడా బడి చదువు రెండేళ్లే. అయితే ఆయనకు అచ్చుకూటం దొరికింది, పుస్తకాలు దొరికాయి, 1723లో పదిహేడేళ్ల వయసులో ఊరు విడిచి పారిపోయే వీలు దొరికింది. పదకొండేళ్ల జేన్‌కు పారిపోవడానికి చోటు లేదు. ఆమె కలం పట్టడం నేర్చుకుంది చాలావరకు ఇంట్లోనే, బహుశా అన్న పక్కన కూర్చునే.

1727 జనవరి 6న, పాత క్యాలెండరు లెక్కలో తనకు 21 ఏళ్లు నిండిన రోజున, బెంజమిన్ ఫిలడెల్ఫియా నుంచి చెల్లెలికి ఒక ఉత్తరం రాశాడు. ఆమె అందగత్తెగా ఎదుగుతున్నదని విన్నాననీ, కానుకగా మొదట టీ బల్ల పంపుదామనుకున్నాననీ, అందమైన దొరసాని అనిపించుకోవడం కన్నా మంచి ఇల్లాలు అనిపించుకోవడం మేలని తోచి రాట్నం పంపుతున్నాననీ అందులో ఉంది. అన్నగారి చమత్కారంగా దీన్ని ఉదహరించడం పరిపాటి. అయితే ఆ రాట్నం అందిన పిల్లకు పద్నాలుగేళ్లనీ, ఆరు నెలలు తిరిగేసరికి ఆమె పెళ్లయిపోయిందనీ గుర్తుంచుకుని చదివితే ఆ చమత్కారం కొంచెం చేదెక్కుతుంది. 1727 జూలై 27న పదిహేనేళ్ల జేన్‌ను గుర్రపు జీనులు కుట్టే ఎడ్వర్డ్ మీకమ్ పెళ్లాడాడు. ఆ కాలంలో మసాచుసెట్స్ ఆడపిల్లలు సాధారణంగా ఇరవై దాటాకే పెళ్లి చేసుకునేవారు. ఇంత తొందర ఎందుకన్న ప్రశ్నకు చాలామంది వెంటనే ఊహించే జవాబు గర్భం. ఆ ఊహ తప్పని ఆమె పుస్తకమే చెబుతుంది: తొలి బిడ్డ పుట్టింది 1729 జూన్ 4న, పెళ్లయిన ఇరవై రెండు నెలలకు.

ఆ పుస్తకం స్వరూపం చాలా సాదా. నాలుగు పెద్ద కాగితాలను మడిచి, మధ్యలో దారంతో కుట్టి, పదహారు పేజీలు చేసుకుంది. దానికి ‘వయసుల పుస్తకం’ అని పేరు పెట్టుకుంది. మొదటి పంక్తిలో ఆమె తన పుట్టుక రాసుకుంది, పుట్టింటి పేరుతో: జేన్ ఫ్రాంక్లిన్, 1712 మార్చి 27. రెండో పంక్తిలో పెళ్లి. తర్వాత వరుసగా పిల్లలు: జొసాయా, ఎడ్వర్డ్, బెంజమిన్, ఎబెనెజర్, సారా, పీటర్ ఫ్రాంక్లిన్, జాన్, మళ్లీ జొసాయా, జేన్, జేమ్స్, మేరీ, అబయా. పన్నెండు మంది. మొదటి కాన్పుకు ఆమెకు 17 ఏళ్లు, చివరి కాన్పుకు 39.

ఈ పొడి పంక్తులను నిదానంగా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. తొలి బిడ్డ పుట్టినది ‘బుధవారం, జూన్ 4, 1729’ అని రాసింది. ఇప్పటి క్యాలెండరుతో లెక్క వేస్తే ఆ తేదీ శనివారం అవుతుంది. తప్పు ఆమెది కాదు. 1752 సెప్టెంబరు దాకా ఇంగ్లండు, దాని వలసలు పాత జూలియన్ క్యాలెండరునే వాడాయి. ఆ లెక్కలో అది అక్షరాలా బుధవారమే. రెండోవాడు ఎడ్వర్డ్ 1731 మార్చి 29, సోమవారం. పీటర్ 1739 మే 13, ‘ప్రభువు దినం’, అంటే ఆదివారం. జూలియన్ లెక్కలో ఇవీ సరిపోతాయి. అంటే ఈ నమోదులు ఏళ్ల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి ఉజ్జాయింపుగా రాసినవి కావు. అప్పటికప్పుడు రాసినవైనా కావాలి, లేదా అలా రాసిపెట్టుకున్న చీటీల నుంచి ఎత్తిరాసినవైనా కావాలి. వారం, తేదీ కలవడమన్నది వంశచరిత్రలు పరిశీలించేవారికి చాలా గట్టి సాక్ష్యం.

ఇంకో పంక్తి మరీ ఆసక్తికరం. మేరీ పుట్టిన తేదీని ఆమె ‘ఫిబ్రవరి 29, 1747/8’ అని రెండు సంవత్సరాలతో రాసింది. పాత పద్ధతిలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు గడిచిన ఏడాదికి చెందుతాయి. జనవరి నుంచే లెక్కించేవారికి మాత్రం అది 1748. 1747లో ఫిబ్రవరి 29 లేదు, 1748లో ఉంది. ఆ వాలుగీత తీసేసి 1747 అని మాత్రమే నకలు చేసుకున్న వంశవృక్షంలో ఆ పిల్ల లేని తేదీన పుట్టినట్టు అవుతుంది. బడి ముఖం చూడని స్త్రీ ఆ గీత దగ్గర పొరబడలేదు.

కాన్పుల మధ్య ఎడం కూడా ఒక కథ చెబుతుంది. చాలావరకు రెండేళ్లకొకటి, అంటే బిడ్డ పాలు తాగినంతకాలం తర్వాతి గర్భం నిలవలేదు. ఎడం తగ్గిన మొదటిచోట కారణం ఆ పక్క పంక్తిలోనే కనిపిస్తుంది. తొలి జొసాయా 1730 మే 18న, ఏడాది నిండకముందే పోయాడు. పది నెలలకే ఎడ్వర్డ్ పుట్టాడు. 1746 జూలైలో పుట్టిన జేమ్స్ నవంబరులో పోయాడు. 1751 ఆగస్టులో పుట్టిన అబయా మరుసటి ఏప్రిల్‌లో పోయింది. ఆ తర్వాత పుట్టుకలు లేవు. అన్న గురించి రాసినవాళ్లు ఈ పట్టికను పక్కన పెట్టి ఉత్తరాలకు వెళ్లిపోవడం కద్దు. ఉత్తరాలు చదవడానికి రుచిగా ఉంటాయి నిజమే, కానీ అవి మొదలయ్యేసరికి ఆమె యవ్వనం అయిపోయింది. యవ్వనంలో ఆమె రాసినవి మిగలలేదు. ఆ ఇరవై రెండేళ్లకు ఈ పట్టికే సాక్షి.

పేర్ల వరుస చూస్తే మరో వంశవృక్షం బయటపడుతుంది. తాత పేరు మనవడికి పెట్టుకునే తెలుగువారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఎడ్వర్డ్ ఒక్కడే తండ్రి పేరువాడు. మిగిలిన పేర్లన్నీ పుట్టింటివే. జొసాయా తండ్రి పేరు, అబయా తల్లి పేరు. బెంజమిన్, పీటర్, జాన్, జేమ్స్ అన్నల పేర్లు. సారా, మేరీ అక్కల పేర్లు. ఎబెనెజర్ అయితే తాను పుట్టకముందే సబ్బుతొట్టిలో మునిగిపోయిన అన్న పేరు. చూడని అన్నను ఆమె కొడుకు రూపంలో తెచ్చుకుంది. ఒక పిల్లవాడికి ‘పీటర్ ఫ్రాంక్లిన్’ అని పుట్టింటి ఇంటిపేరు కూడా మధ్యలో చేర్చింది. చట్టం ప్రకారం ఆమె మీకమ్ అయిపోయింది, పిల్లలందరూ మీకమ్‌లే. పేర్లు పెట్టే దగ్గర మాత్రం ఆ ఇల్లు ఫ్రాంక్లిన్‌ల ఇల్లే.

చట్టం మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లిష్ చట్టంలో పెళ్లైన స్త్రీకి విడిగా చట్టపరమైన ఉనికి లేదు. ఆమె సంపాదన భర్తది, భర్త అప్పు ఆమె బతుకుది. మీకమ్ అప్పుల మనిషి. జీనుల వృత్తి కుటుంబాన్ని పోషించలేదు. పెళ్లి తర్వాత కూడా జేన్ చాలాకాలం తల్లిదండ్రుల నీలిబంతి ఇంట్లోనే ఉంటూ, 1745లో తండ్రి, 1752లో తల్లి పోయేదాకా వారికి చేసింది. ఇంట్లో అద్దెకు మనుషులను పెట్టుకుని భోజనం పెట్టేది. వలస శాసనసభ సమావేశాలకు వచ్చే సభ్యులు అలా ఆ ఇంట్లో దిగేవారు. ఈ ఆదాయం ఏ లెక్కల పుస్తకంలోనూ ఆమె పేరుమీద కనిపించదు. 1765 సెప్టెంబరు 11 తెల్లవారుజామున మూడు గంటలకు భర్త చనిపోయినప్పుడు, దేవుడు తనను వరుస శిక్షలతో వెంటాడుతున్నాడనీ, భర్త పరలోక సుఖంపై స్థిరమైన ఆశతో వెళ్లాడనీ ఆమె వయసుల పుస్తకంలో రాసుకుంది. ఆయన గురించి అందులో ఇంతకు మించిన ప్రశంసా లేదు, ఫిర్యాదూ లేదు. విధవకు భర్త స్థిరాస్తిలో మూడోవంతుపై జీవితకాలపు హక్కు ఉండేది. స్థిరాస్తి అంటూ లేని ఇంట్లో మూడోవంతుకు అర్థం లేదు.

అప్పటినుంచి ఆమె పూర్తిగా తన చేతులమీద బతికింది. బెంజమిన్ లండన్‌లో తాను అద్దెకున్న ఇంటి యజమానురాలు మార్గరెట్ స్టీవెన్‌సన్ ద్వారా రిబ్బన్లు, సన్నబట్టలు ఇప్పించి పంపితే, జేన్, ఆమె కూతుళ్లు వాటితో ఆడవాళ్ల టోపీలు కుట్టి అమ్మేవారు. ఈ వ్యాపారం నిలదొక్కుకునేలోపే రెండు దెబ్బలు పడ్డాయి. 1767 సెప్టెంబరులో, కుట్టుపనిలో చేదోడుగా ఉన్న మేరీ, అందరూ పాలీ అని పిలిచే పిల్ల, నాంటకెట్‌లో చనిపోయింది. ఆ శరదృతువులోనే కొత్త పన్నులకు నిరసనగా బోస్టన్ పట్టణ సభ బ్రిటిష్ అలంకార సామాను కొనకూడదని తీర్మానించింది. దేశాభిమానానికి సంబంధించిన ఈ ఘట్టాన్ని చరిత్ర పుస్తకాలు ఉత్సాహంగా చెబుతాయి. టోపీలు కుట్టుకునే విధవకు అది దుకాణం మూత.

మరణాల జాబితా ఇక్కడ ఆగదు. ఎడ్వర్డ్ 1758లో, ఎబెనెజర్ 1762లో, సారా 1764లో, జాన్ 1770లో పోయారు. సారా చనిపోయినప్పుడు ఆమె వదిలి వెళ్లిన నలుగురు పిల్లల పేర్లు, జేన్, మేరీ, జొసాయా, సారా అని, అమ్మమ్మ ఆ పంక్తిలోనే రాసింది. వాళ్లు మీకమ్‌లు కాదు, ఫ్రాంక్లిన్‌లు అంతకన్నా కాదు. ఫ్లాగ్ ఇంటి పిల్లలు. ఇంటిపేరు పట్టుకుని పోయే వంశవృక్షంలో వాళ్లు మరో చెట్టుకు చెందుతారు. వయసుల పుస్తకంలో మాత్రం ఎవరి బరువు ఎవరి మీద పడిందో ఆ లెక్కన కుటుంబం సాగుతుంది.

బతికున్న కొడుకుల సంగతి అంతకన్నా కష్టం. బెంజమిన్ మీకమ్‌ను మేనమామ అచ్చుపనిలో శిక్షణకు పెట్టి, తర్వాత ఆంటిగ్వా దీవిలో ముద్రణాలయం అప్పగించాడు. అతడు ఎక్కడా నిలవలేదు. బోస్టన్, న్యూ హేవెన్, ఫిలడెల్ఫియా అన్నీ తిరిగి చివరికి మతి చలించింది. న్యూజెర్సీలో నిర్బంధంలో ఉండగా, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ట్రెంటన్ పోరు జరిగిన రోజుల్లో కనిపించకుండా పోయాడు. పీటర్‌కూ మతి చలించింది. అతణ్ణి పల్లెలో ఒకరి సంరక్షణలో ఉంచి, ఏళ్ల తరబడి డబ్బు కట్టవలసి వచ్చింది. పన్నెండు మందిలో తల్లి తర్వాత కూడా బతికింది జేన్ అనే కూతురు ఒక్కతే. తప్పిపోయిన కొడుకుకు మరణతేదీ ఏమని రాయాలన్నది వంశచరిత్రకారులకు చిక్కుప్రశ్న. అది తల్లికి ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఆ స్వాతంత్ర్య యుద్ధమే ఆమెను ఊరు నుంచి ఊరికి తరిమింది. 1775లో యుద్ధానికి నాంది పలికిన లెక్సింగ్టన్ కాల్పుల తర్వాత, అరవై మూడేళ్ల వయసులో, ముట్టడిలో ఉన్న బోస్టన్ వదిలి రోడ్ ఐలాండ్‌లోని వార్విక్‌కు, కుటుంబ స్నేహితురాలు క్యాథరిన్ రే గ్రీన్ ఇంటికి చేరింది. ఆ ఏడాది చివర్లో బెంజమిన్ వచ్చి ఫిలడెల్ఫియాకు తీసుకుపోయాడు. వార్విక్ ఆశ్రయం కుటుంబ చరిత్రలో కొత్త కొమ్మ వేసింది. సారా కూతురు జేన్ ఫ్లాగ్ అక్కడి ఎలైహు గ్రీన్‌ను పెళ్లాడింది. అతడు సేనాని నథానియెల్ గ్రీన్‌కు తమ్ముడు. ఆ మనవరాలు కూడా 1782లో చిన్న వయసులో పోయింది. డెబ్బై ఏళ్ల జేన్ మరోసారి పసిపిల్లల పెంపకం నెత్తిన వేసుకుంది, ఈసారి మునిమనవల తరాన్ని.

ఇంతటి జీవితంలో ఆమెకు చేతివృత్తిగా మిగిలినదీ తండ్రి ఇంటినుంచి వచ్చినదే. అన్న జాన్ ద్వారా కుటుంబంలో నిలిచిన ‘క్రౌన్’ సబ్బు తయారీ ఆమెకు తెలుసు. కిరీటం ముద్ర గుద్దిన ఈ సబ్బు ఆ కాలంలో నాణ్యతకు పేరుపొందింది. బెంజమిన్ పారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు మిత్రులకు కానుకలివ్వడానికి దీన్నే అడిగి తెప్పించుకున్నాడు. కుటుంబ వారసత్వమంటే కొడుకుకు దక్కే భూమి అని పత్రాలు చెబుతాయి. ఈ ఇంట్లో వారసత్వం ఒక పాళ్ల లెక్క, అది కడగొట్టు కూతురి చేతిలో మిగిలింది.

ఆమె ఉత్తరాల్లో వర్ణక్రమం వింతగా ఉంటుంది, చెవికి వినిపించినట్టు రాస్తుంది. దానికి అన్నగారికి పదేపదే క్షమాపణలు చెప్పుకునేది. 1786లో ఆయన ఒక హాస్య కథతో ఓదార్చాడు: ఒక పెద్దమనిషికి వచ్చిన చీటీలో ‘వైఫ్’ అనే మాటను వై, ఎఫ్ అని రెండే అక్షరాలతో రాశారట, చదువుకున్న మొగుడూ పెళ్లాలకు అంతుచిక్కకపోతే పనిమనిషి క్షణంలో చెప్పేసిందట. పలికినట్టు రాసేదే మంచి వర్ణక్రమమని ఆయన వాదన. పలికినట్టే రాసుకునే తెలుగువాడికి ఇందులో వింతేముంది అనిపిస్తుంది, కానీ ఇంగ్లిష్‌లో అది బడికి వెళ్లిన వర్గాన్ని, వెళ్లని వర్గాన్ని విడదీసే గీత. ఆ ఏడాదే ఆమె బ్రిటిష్ తత్వవేత్త రిచర్డ్ ప్రైస్ రచన చదివి, తగిన అవకాశాలు దొరకక వేలమంది బాయిల్‌లు, క్లార్క్‌లు, న్యూటన్‌లు లోకానికి దక్కకుండా అజ్ఞానంలో, పేదరికంలో పోయి ఉంటారన్న ఆయన మాటను అన్నకు ఎత్తిరాసింది. ఆ వేలమందిలో తన పిల్లలను లెక్కించుకుందో, తననే లెక్కించుకుందో ఉత్తరంలో చెప్పలేదు.

అయినా జేన్‌ను వలస అమెరికా స్త్రీలందరికీ ప్రతినిధిగా చూపడం పొరపాటు. 1761లో అదే బోస్టన్ రేవులో, పాలపళ్లు రాలుతున్న ఏడెనిమిదేళ్ల ఆఫ్రికన్ బాలికను అమ్మకానికి దింపారు. తెచ్చిన ఓడ పేరు ఫిల్లిస్, కొన్న యజమాని ఇంటిపేరు వీట్లీ. ఆ రెండూ కలిపి ఆమె పేరయ్యాయి. 1773లో లండన్‌లో కవితల పుస్తకం అచ్చయిన ఫిల్లిస్ వీట్లీకి తల్లిదండ్రుల పేర్లు గానీ, పుట్టిన తేదీ గానీ ఏ కాగితంలోనూ లేవు. ఫ్రాంక్లిన్‌ల కుటుంబం పిల్లలకు బాప్తిస్మం ఇప్పించిన ఓల్డ్ సౌత్ సంఘంలోనే 1771లో ఆమె బాప్తిస్మం పొందింది. ఒకే సంఘంలో బాప్తిస్మం పొందినవారిలో ఒకరికి ఐదు తరాలు వెనక్కి దారి, ఇంకొకరికి ఓడ పేరు. మేరీ మోరిల్ ఒప్పందానికి 20 పౌండ్లతో గడువు తీరింది. ఫిల్లిస్ లాంటివారి బానిసత్వానికి గడువనేదే రాసి ఉండదు, పైగా అది తల్లినుంచి పిల్లలకు సంక్రమించేది.

చివరి పదేళ్లు జేన్ బోస్టన్ ఉత్తరభాగంలో యూనిటీ వీధిలోని ఇటుకల ఇంట్లో గడిపింది. ఒకప్పుడు పెద్దక్క ఎలిజబెత్ కాపురమున్న ఆ ఇల్లు అప్పటికి బెంజమిన్ అధీనంలో ఉండేది. 1790లో ఆయన చనిపోయాక, వీలునామా ప్రకారం ఇల్లు, జీవితాంతం ఏడాదికి 50 పౌండ్లు ఆమెకు వచ్చాయి. 78 ఏళ్లకు ఆమె మొదటిసారి ఇంటి యజమానురాలైంది. విధవ కనుకనే ఆ ఆస్తి ఆమె పేరున నిలిచింది. ఎడ్వర్డ్ బతికుంటే అది అప్పులవాళ్లకు పోయేది. 1794 మే నెలలో, 82 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది. ఎక్టన్ రిజిస్టరులో మగవరుసను వెతుక్కున్న అన్నకు ఆ వరుస మనవడు విలియం టెంపుల్‌తో ఆగిపోయింది.

బోస్టన్ గ్రానరీ శ్మశానంలో 1827లో నిలిపిన పెద్ద రాతిస్తంభం ఉంది, దానిమీద దూరానికి కనిపించేలా ఫ్రాంక్లిన్ అని చెక్కి ఉంటుంది. అది జొసాయా, అబయాలది. బెంజమిన్ సమాధి అదేనని చాలామంది పొరబడుతుంటారు. ఆయన సమాధి ఫిలడెల్ఫియాలో ఉంది. జేన్‌కు రాయి లేదు, చిత్రపటం లేదు. యూనిటీ వీధిలోని ఇంటిని 1939లో పాల్ రివీర్ స్మారకానికి చోటు కోసం కూల్చేశారు. వయసుల పుస్తకం బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ వంశచరిత్ర సంఘం దగ్గర ఉంది. అందులో మొదటి పంక్తి ఆమె పుట్టినరోజు. భర్త పుట్టినరోజు ఆమె రాసుకోలేదు.